రాగి గింజంత అణు ఇంధనం: కంప్యూటరు లెక్కను ఎంతవరకు నమ్మాలి?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సభ్యుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఉమ్మడి వరంగల్ జిల్లాలో పనిచేసినవాళ్లమే. 2016 అక్టోబరులో జిల్లాలు వేరయ్యాయి గాని మన మాటామంతీ వేరు కాలేదు. ఈ వేదిక మీద మనం ఎప్పుడూ కరువు భత్యం, బకాయిలు, హెల్త్ కార్డుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి వేరే విషయం చెప్పమని కార్యదర్శి గారు నాకు పురమాయించారు. దానికి కారణం పేపర్లలో వచ్చిన ఒక వార్త. విశాఖపట్నంలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఒక చిన్న రియాక్టరు కట్టే ప్రతిపాదన ఉన్నదని 2025లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అది 5 మెగావాట్ల ఉష్ణశక్తి గలది. నీళ్లతో కాకుండా వాయువుతో చల్లబరిచే రకం. కరెంటు కోసం కాదు, ఆ వేడితో హైడ్రోజన్ తయారు చేయడం కోసం.

ఆ వార్త చదివిన మిత్రులు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. "ఈ రకం రియాక్టరు ఇంధనం కరగదంటున్నారు, నిజమేనా?" అన్నది మొదటిది. "అది కంప్యూటరు లెక్కలో తేలిందంటున్నారు, ఆ లెక్కను నమ్మవచ్చునా?" అన్నది రెండవది. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. బిల్లులు, వోచర్లు, సర్వీసు రిజిస్టర్ల మధ్య ముప్పై ఏళ్లకు పైగా గడిపిన గుమాస్తాను. ఇంజనీరింగు చదివిన మా మనుమరాలు ఇంగ్లీషు కాగితాలు తెచ్చి విడమరచి చెప్పగా, గుమాస్తా బుర్రతో నాకు అర్థమైనంత మీకు మనవి చేస్తాను.

మనకు తెలిసిన ఇంధనం

భూపాలపల్లి వాళ్లకు ఇంధనం గురించి ఒకరు చెప్పనక్కరలేదు. సింగరేణి బొగ్గు, చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం, 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు, వాటి బూడిద, అన్నీ కళ్లముందే ఉన్నాయి. బొగ్గు కాలితే పొగ చిమ్నీలోంచి పోతుంది, బూడిద చెరువుకు పోతుంది. అణు ఇంధనంలో అలా కుదరదు. అక్కడ పుట్టే బూడిద రేడియోధార్మిక పదార్థం. అది పుట్టినచోటనే, ఇంధనం లోపలనే, బందోబస్తుగా ఉండాలి. కాబట్టి ఏ రియాక్టరు విషయంలోనైనా మొదట అడగవలసింది ఇంధనాన్ని దేనిలో పెట్టారు, ఆ పెట్టె ఎంత గట్టిది అన్నదే.

జనగామలో రైలెక్కి హైదరాబాదు పోతుంటే, ఊరు చేరబోయే ముందు మౌలాలి వస్తుంది. ఆ ప్రాంతంలోనే 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఉన్నది. మన దేశపు భారజల రియాక్టర్లకు ఇంధనం అక్కడ తయారవుతుంది. యురేనియం ఆక్సైడు బిళ్లలను జిర్కోనియం లోహపు గొట్టాల్లో పేర్చి మూతలు వేస్తారు. 220 మెగావాట్ల రియాక్టరుకు అయితే అలాంటి గొట్టాలు పందొమ్మిది కలిపి అర మీటరు పొడవున ఒక కట్ట కడతారు. అక్కడ పెట్టె అంటే ఆ గొట్టమే. అది మంచి లోహమే గాని, చల్లబరిచే నీరు ఆగిపోయి వేడి మితిమీరితే ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో పేలుళ్లు జరిగింది ఆ హైడ్రోజన్ వల్లనే.

గింజకు నాలుగు పూతలు

వాయువుతో చల్లబరిచే రియాక్టర్లలో పద్ధతి వేరు. అక్కడ చల్లబరిచేది హీలియం. అది దేనితోనూ కలవని వాయువు. ఇంధనం గొట్టాల్లో ఉండదు, గింజల్లో ఉంటుంది. ఒక్కొక్క గింజ మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ, ఇంచుమించు రాగి గింజంత. నడిమధ్య అర మిల్లీమీటరు యురేనియం గుండు. దాని మీద వరుసగా నాలుగు పూతలు. మొదటిది మిల్లీమీటరులో పదోవంతు మందాన బొరుగులా గుల్లగా ఉండే కార్బన్. రెండవది గట్టి కార్బన్. మూడవది సిలికాన్ కార్బైడు, అంటే సానరాళ్లలో వాడే అతి గట్టి పదార్థం. నాలుగవది మళ్లీ గట్టి కార్బన్. సిలికాన్ కార్బైడు పూత మందం మిల్లీమీటరులో వెయ్యింట ముప్పై అయిదు వంతులు. మన తల వెంట్రుక కన్నా పలుచన. బూడిదను లోపల పట్టి ఉంచే భారమంతా ముఖ్యంగా ఆ పూత మీదనే.

ఈ గింజకు ట్రైసో అని పేరు. ఇలాంటి వేల గింజలను గ్రాఫైటు పొడితో కలిపి అదిమి బంతులుగానో కడ్డీలుగానో చేస్తారు. ఈ ఆలోచన పుట్టింది బ్రిటన్‌లో. అక్కడి డ్రాగన్ రియాక్టరులో 1960లలో దీన్ని పెంచి పెద్ద చేశారు. తర్వాత జర్మనీ, అమెరికా, జపాన్, చైనా దీన్ని ముందుకు తీసుకుపోయాయి. మన బార్క్ శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి గుండ్లు చేయడం, వాటికి పూత పూయడం మీద పని చేశారు.

1600 డిగ్రీల వరకు ఈ పూతలు నిలుస్తాయన్న లెక్క మీద ఈ రియాక్టర్ల రూపకల్పన సాగుతుంది. రియాక్టరును చిన్నదిగా, సన్నగా కట్టి, పంపులన్నీ ఆగినా వేడి దానంతటదే గోడల గుండా బయటికి పోయి ఆ హద్దు దాటకుండా చూస్తారు. "కరగదు" అన్న మాటకు అసలు అర్థం ఇదే.

గింజ ఎలా పగులుతుంది?

యురేనియం అణువు చీలినప్పుడు పుట్టే ముక్కల్లో కొన్ని జినాన్, క్రిప్టాన్ అనే వాయువులు. గుండు ఆక్సైడు అయితే విడివడిన ఆక్సిజన్ పక్కనున్న కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడు కూడా అవుతుంది. గుల్ల పూత ఈ వాయువుకు చోటిస్తుంది. రోజులు గడిచేకొద్దీ వాయువు పెరిగి, విజిల్ లేని ప్రెషర్ కుక్కర్ లాగా లోపల ఒత్తిడి పెరుగుతుంది.

రెండో సంగతి ఇంకా తమాషా అయినది. న్యూట్రాన్ల దెబ్బకు గట్టి కార్బన్ పూత మొదట్లో కుంచించుకుపోతుంది. ఒక విధంగా అది మేలే. అది కుంచించుకుంటూ సిలికాన్ కార్బైడును బిగించి పట్టుకుంటుంది కాబట్టి లోపలి ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. అయితే కుంచించుకునేది హద్దు మీరితే, ఎండాకాలంలో చెరువు మట్టి నెర్రెలిచ్చినట్లు లోపలి కార్బన్ పూత నెర్రెలిస్తుంది. ఆ నెర్రె మొన దగ్గర సిలికాన్ కార్బైడు మీద భారం ఒక్కచోటనే పడుతుంది. అంతేకాక ఆ నెర్రెల గుండా పల్లాడియం అనే లోహం వచ్చి సిలికాన్ కార్బైడును కొరుకుతుంది. వీటికి తోడు తయారీలోనే పూత పలచబడిన గింజలు, వంకర గింజలు కొన్ని ఉండనే ఉంటాయి. చివరగా వెండి. అణువిచ్ఛేదంలో పుట్టే రేడియోధార్మిక వెండి చెక్కుచెదరని పూత నుంచి కూడా కొంత బయటికి పోతుంది. రియాక్టరు విప్పి మరమ్మతు చేసే కార్మికుల విషయంలో దీన్ని లెక్కలోకి తీసుకోవలసిందే.

కంప్యూటరు ఏం చేస్తుంది?

ఇన్ని సంగతులు ఒకేసారి జరుగుతుంటే కాగితం మీద లెక్క తేలదు. అందుకే కంప్యూటరు ప్రోగ్రాములు రాశారు. జర్మనీలో పనామా, అమెరికాలోని ఐడహో ప్రయోగశాలలో పార్ఫ్యూమ్, బైసన్, ఫ్రాన్స్‌లో అట్లాస్ అన్నవి వాటిలో కొన్ని.

పని తీరు మన లెడ్జరు లాంటిదే. ఒక గింజకు ఒక ఖాతా తెరుస్తారు. గుండు ఎంత, ఒక్కొక్క పూత మందం ఎంత, వేడి ఎంత, ఇప్పటికి ఎంత యురేనియం చీలింది అన్నవి ప్రారంభ నిల్వలు. అక్కడి నుంచి కొద్ది కొద్ది కాలానికి ఒక పద్దు రాస్తారు. ఇంత వాయువు పుట్టింది, ఇంత ఒత్తిడి, కార్బన్ ఇంత కుంచించుకున్నది, సిలికాన్ కార్బైడు మీద ఇంత భారం. ఆ భారం దాని బలాన్ని మించితే గింజ పగిలినట్లు.

కాని ఏ రెండు గింజలూ ఒకటి కావు, వాటి బలమూ ఒకటి కాదు. అందుకని చీట్లు తీసినట్లు అంకెలు తీస్తారు. కొలిచిన హెచ్చుతగ్గుల పరిధిలో ఒక గింజకు ఒక మందం, ఇంకో గింజకు ఇంకో మందం, వేరే బలం ఇచ్చి, లక్షల గింజల ఖాతాలు నడిపి చివరకు ఎన్ని పగిలాయో లెక్కపెడతారు. ఈ పద్ధతికి జూదశాల పేరు మీద మాంటె కార్లో అని పేరు పెట్టారు. లక్షలో ఒక గింజ పగులుతుందా లేదా అని తెలియాలంటే లక్ష ఖాతాలు చాలవు, అనేక లక్షలు నడపాలి. కంప్యూటరు అవసరమైంది అందుకే.

బిల్లు, వోచరు

ఇక్కడ నా అనుభవంలోని ఒక చిన్న సంగతి చెప్పాలి. ఒక కార్యాలయంలో కంప్యూటరు పే బిల్లులు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక అటెండరు గారి ఇంక్రిమెంటు తేదీ తప్పుగా ఎక్కింది. కంప్యూటరు కూడికలో పైసా తేడా లేదు. ఎన్నిసార్లు కూడినా అదే మొత్తం. సర్వీసు రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టేదాకా తప్పు బయటపడలేదు. కూడిక సరిగా ఉన్నంత మాత్రాన బిల్లు సరైనది కాదు. బిల్లుకు వోచరు ఉండాలి.

గింజల లెక్కకు కూడా ఇదే వర్తిస్తుంది. కార్బన్ ఎంత కుంచించుకుంటుంది, సిలికాన్ కార్బైడు బలం ఎంత, సీజియం దాని గుండా ఎంత వేగంగా పాకుతుంది అన్న అంకెలు కంప్యూటరు పుట్టించేవి కావు. ఎవరో ఎప్పుడో ప్రయోగశాలలో కొలిచినవి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో వేర్వేరు దేశాల ప్రోగ్రాములకు ఒకే లెక్క ఇచ్చి చేయించి చూశారు. సులువైన లెక్కల్లో జవాబులు దగ్గరగా వచ్చాయి. చిక్కు లెక్కలకు వచ్చేసరికి తేడాలు వచ్చాయి. ఒక్కొక్కరు వాడిన పదార్థ గుణాల అంకెలు వేరు కావడం అందుకు ముఖ్య కారణం.

అసలు వోచరు ప్రయోగమే. రెండు ఉదాహరణలు చెబుతాను. ఒకటి లెక్క తప్పినది, రెండవది లెక్క నిలిచినది.

మొదటిది జర్మనీలోని యూలిష్‌లో 1967 నుంచి 1988 వరకు నడిచిన ఏవీఆర్ రియాక్టరు. అందులో ఇంధనం బంతులుగా ఉండేది. లోపల వేడి ఎంతుందో నేరుగా కొలిచే వీలు లేదు, లెక్క కట్టడమే. 1986లో దాదాపు రెండు వందల బంతుల్లో వేర్వేరు వేడి వద్ద కరిగే సన్నని తీగెలు పెట్టి లోపలికి వదిలారు. బంతులు బయటికి వచ్చాక చూస్తే కొన్నిటిలో 1280 డిగ్రీల వద్ద కరిగే తీగె కూడా కరిగిపోయి ఉన్నది. లోపలి వేడి లెక్కలో చెప్పినదానికన్నా ఎక్కువని అప్పుడు తెలిసింది. గింజ లెక్కకు ప్రారంభ నిల్వ వేడే కదా. ఆ నిల్వ తప్పయితే కింది పద్దులన్నీ తప్పే.

రెండవది అమెరికాలోని ఐడహోలో 2006 డిసెంబరు నుంచి 2009 నవంబరు వరకు జరిగిన ఏజీఆర్-1 ప్రయోగం. ఇంచుమించు మూడు లక్షల గింజలను ప్రయోగ రియాక్టరులో పెట్టి మూడేళ్లు కాల్చారు. వాయువు బయటికి వస్తే పట్టే పరికరాలకు ఒక్క గింజ కూడా పూర్తిగా పగిలిన జాడ దొరకలేదు. తర్వాత కొన్నిటిని కొలిమిలో 1600 డిగ్రీల వద్ద రోజుల తరబడి ఉంచినా పూతలన్నీ పగిలిన గింజ కనబడలేదు. పాత అంకెలతో కట్టిన లెక్క కన్నా సీజియం, స్ట్రాన్షియం తక్కువగా బయటపడిన సందర్భాలు ఉన్నాయి. అంటే బిల్లు భయపెట్టినంతగా ఖర్చు కాలేదన్నమాట.

అక్కడితో వాళ్లు ఆగలేదు. గింజలను విడదీసి ఒక్కొక్కటి పరీక్షించగా, బయటి పూత బాగానే ఉండి లోపల సిలికాన్ కార్బైడు మాత్రం చెడిన గింజలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని దొరికాయి. నేను ముందు చెప్పిన నెర్రె, పల్లాడియం కథే వాటిలో జరిగింది. వాయువు పరికరం ఒక్కటే చూసి ఊరుకుంటే ఇది తెలిసేది కాదు.

సున్నాకు అర్థం

ఇప్పుడు మహబూబాబాద్, జనగామ మిత్రులకు బాగా తెలిసిన లెక్క ఒకటి. మార్కెట్ యార్డుకు వడ్లు తీసుకుపోతే కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి తాలు ఎంతుందో చూస్తాడు. గుప్పెట్లో తాలు లేనంత మాత్రాన బస్తాలో అసలే లేదని అనడు. గణాంక శాస్త్రంలో దీనికి సులభమైన సూత్రం ఉన్నది. ఎన్ని గింజలు చూస్తే ఒక్క లోపం కూడా కనబడలేదో, ఆ సంఖ్యతో మూడును భాగించాలి. మూడు లక్షల గింజల్లో సున్నా కనబడితే, లోపాలు లక్షకు ఒకటి కన్నా మించవని నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో చెప్పవచ్చు. అంతకన్నా ధైర్యంగా చెప్పాలంటే ఇంకా ఎక్కువ గింజలు కాల్చి చూడాలి.

లక్షకు ఒకటి అంటే ఎంత? చైనాలోని షాన్‌డాంగ్ తీరాన షిదావ్ వద్ద 2023 డిసెంబరులో వాణిజ్య స్థాయిలో నడక మొదలైన రియాక్టరును చూద్దాం. అక్కడ రెండు రియాక్టర్లు ఒక టర్బైనును తిప్పుతాయి. ఒక్కొక్క రియాక్టరులో సుమారు 4 లక్షల 20 వేల బంతులు, ఒక్కొక్క బంతిలో సుమారు 12 వేల గింజలు. గుణిస్తే 504 కోట్ల గింజలు. లక్షకు ఒకటి పగిలినా 50 వేలు దాటతాయి!

వినగానే గుండె గుభేలుమంటుంది. కాని లెక్కను సగంలో ఆపకూడదు. ఒక బంతిలో యురేనియం 7 గ్రాములు. మొత్తం రియాక్టరులో 2,940 కిలోలు. అందులో లక్షవ వంతు అంటే ముప్పై గ్రాముల లోపు. పగిలిన గింజలోంచి వచ్చినదాన్ని కూడా కొంత గ్రాఫైటు పట్టి ఉంచుతుంది, కొంత హీలియంను శుద్ధి చేసే యంత్రం పడుతుంది. 2023లో అక్కడ రెండు రియాక్టర్లలోనూ చల్లబరిచే ఏర్పాటును కావాలని ఆపి చూశారు. వేడి దానంతటదే తగ్గింది. ఇది కూడా ఒక మంచి వోచరే.

కాబట్టి "ఒక్కటి కూడా పగలదు" అనేవాడు లెక్క తెలియనివాడు. "యాభై వేలు పగులుతాయి" అని అక్కడే ఆపి భయపెట్టేవాడు సగం లెక్క చెప్పేవాడు.

మనకు దీనితో ఏం పని?

విశాఖ ప్రతిపాదన 5 మెగావాట్ల వేడి మాత్రమే. చెల్పూరు కేంద్రం ముందు అది బొగ్గుల కుంపటి లాంటిది. కాని కథ అక్కడితో ఆగదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్ల రూపాయల పథకం ప్రకటించారు. 2033 నాటికి దేశంలో తయారైన చిన్న రియాక్టర్లు కనీసం అయిదు నడవాలని లక్ష్యం. కాలం చెల్లిన బొగ్గు కేంద్రాల స్థలాల్లో చిన్న రియాక్టర్లు పెట్టే ఆలోచన కూడా ఉన్నట్లు ప్రభుత్వమే చెప్పింది. భూపాలపల్లి యూనిట్లు కొత్తవే గాని, మన మనుమల కాలానికి ఈ ప్రశ్న ఎవరి ఊరికైనా రావచ్చు. బొగ్గు దుమ్ము వద్దన్నా, అణుశక్తి వద్దన్నా, రెండూ కావాలన్నా, నిర్ణయించేది వాళ్లు. అప్పుడు వాళ్ల ముందుకు ఒక కంప్యూటరు లెక్క వస్తుంది. దాన్ని చూసి దండం పెట్టకూడదు, చించి పారేయకూడదు. మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: లెక్కలో వేసిన అంకెలు ఎవరి గింజలవి? జర్మనీ గింజను కొలిచి మన గింజకు లెక్క కడితే చాలదు. మన ఫ్యాక్టరీలో తయారైన గింజల పూత మందం, గుండ్రన, బలం కొలిచిన రిజిస్టరు ఉండాలి.

రెండు: ఆ గింజలను రియాక్టరులో కాల్చి, కొలిమిలో వేడి చేసి, విప్పి చూశారా? లెక్క చెప్పినదానికి, కంటికి కనబడినదానికి తేడా ఎంత? ఆ తేడాను ప్రచురించారా?

మూడు: ఎన్ని గింజలు చూసి ఈ మాట చెబుతున్నారు? ఎంత నమ్మకంతో చెబుతున్నారు? రియాక్టరులోకి గాలి, నీరు చొరబడితే ఏమవుతుందో, కాలిపోయిన బంతులను ఎక్కడ దాస్తారో, అది కూడా అదే కాగితం మీద ఉన్నదా?

ఈ ప్రశ్నలు అడగడానికి అణు భౌతికశాస్త్రం రానక్కరలేదు. మనమంతా ఉద్యోగంలో ఇదే పని చేశాం. ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా వోచరు లేని బిల్లుకు అభ్యంతరం రాశాం. వోచరు సరిగా ఉంటే చిన్న గుత్తేదారు బిల్లయినా పాస్ చేశాం. పాస్ చేయడం, ఆపడం రెండూ మన బాధ్యతలే. ఈ అలవాటును మన ఇళ్లల్లోని పిల్లలకు నేర్పితే, రేపు వాళ్ల ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు కేకలు వేయకుండా, తలలూపకుండా, కాగితం అడిగి చదువుతారు. ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని తెలుగులో ఇమ్మని కూడా అడుగుతారు. అది వాళ్ల హక్కు.

 భోజనాల వేళ దాటుతున్నది. లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వవలసిన వారు కార్యదర్శి గారిని కలవాలని గుర్తు చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.